బందెలదొడ్డిలో మూడు చక్రాల బండి

పెద్దవంకపల్లె,
12-7-1984

తమ్ముడు నాగన్నకు అక్క తిరుపాలమ్మ దీవెనలు.

ఊరంతా భయంతో బతుకుతున్నాం. ఇన్నాళ్లకు వాన పడి శెనక్కాయ మొలకెత్తిందా, ఆ మొలకల మీదుగా రోజూ ఒక మోటారు బండి దూసుకొస్తోంది. మూడే చక్రాలు, ఒక్కోటి గాదెంత లావు. దోవ వదిలేసి చేలల్లోనే పోతుంది. దాన్ని తోలేవాడి మొహం నిండా గుడ్డ, కళ్లకు నల్లద్దాలు. ఆగిన చోటల్లా రాయి పాతి సున్నం పూస్తున్నాడు. "మన భూములు కొలుస్తాండారు, లాక్కునేదానికే" అని ఎర్రిస్వామి మామ అన్నం మానేశాడు. అందరూ కలిసి నన్ను సర్పంచిని చేశారు గానీ, నాకే ఏమీ తోచడం లేదు. సమితి ఆఫీసులో గుమాస్తావి కదా, ఏం చేయాలో రాయి.

నీ అక్క,
తిరుపాలమ్మ

తా.క.: ఆ రాళ్లన్నీ పీకించి పాడుబావిలో వేయించాను. ఎవరికీ చెప్పొద్దు.

---

అనంతపురం,
14-7-1984

అక్కకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. వాడు సర్కారు మనిషైతే మన పని అయిపోయినట్టే. అంతా పద్ధతి ప్రకారం పోనీ. "మోటారు బండ్లు బండిబాటలోనే పోవలెను. చేలల్లో దిగిన బండి బందెలదొడ్డికి తోలబడును" అని తీర్మానం రాసి పంపుతున్నాను. పంచాయతీలో పెట్టి దండోరా వేయించు. దారి తప్పిన గొడ్లను కట్టే దొడ్డి ఉండనే ఉంది. మనిషి మీద మాత్రం చెయ్యి పడకూడదు.

నీ తమ్ముడు,
నాగన్న

తా.క.: రాళ్ల సంగతి నువ్వు రాయలేదు. నేను చదవలేదు.

---

పెద్దవంకపల్లె,
20-7-1984

తమ్ముడికి దీవెనలు. ఇది బస్సు కండక్టరు చేత పంపుతున్నా.

దండోరా అయింది. ఈ పొద్దు బండి రాగానే ఆడవాళ్లు ఎడ్లబండ్లు అడ్డం పెట్టారు. తీర్మానం చదివాను. గొర్రెల కుక్కలు చుట్టూ చేరి మొరుగుతున్నాయి. "దిగప్పా" అంటే దిగడు, మాట్లాడడు, బండిని కరుచుకుని కూర్చున్నాడు. మనిషిని ముట్టుకోవద్దన్నావుగా? అందుకని మనిషితో సహా బండిని తోసుకుంటూ పోయి దొడ్డిలో పెట్టాం. గొడ్ల మధ్య కూర్చున్నాడు. మజ్జిగ చెంబు కర్రకు కట్టి అందించాం.

తిరుపాలమ్మ

తా.క.: ఒక బర్రె ఆయన చొక్కా నాకుతోంది. గొడ్లు ముట్టుకోవద్దని నువ్వు రాయలేదు.

---

అనంతపురం,
20-7-1984

అక్కా! వెంటనే వదిలెయ్!

ఇదే బస్సులో జవాబు పంపుతున్నా. ఆయన నూర్ అహమ్మద్ గారు, నీళ్ల సర్వే ఆఫీసరు! బోర్లు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో చూడడానికి మద్రాసు నుంచి ఆ బండి తెప్పించారట. ఆ సున్నం రాళ్లు బోర్లకు గుర్తులు! ఆయన కనబడడం లేదని ఇక్కడ ఆఫీసులన్నీ అల్లాడుతున్నాయి. కాళ్లు పట్టుకుని అయినా పంపించు.

నాగన్న

తా.క.: నా పేరు చెప్పొద్దు. నా పేరు మాత్రం చెప్పొద్దు.

---

పెద్దవంకపల్లె,
21-7-1984

తమ్ముడికి దీవెనలు.

నీ ఉత్తరం చూసి దొడ్డి దగ్గరికి పరుగెత్తాను. అప్పటికి ఆయనకు నోరు పెగిలింది. "అమ్మా, ముందు ఆ గొర్రెల కుక్కల్ని కట్టేయించండి! దోవలో వస్తే తరుముతాయి. వాటికి భయపడే చేలల్లో దిగుతున్నాను" అన్నాడు. మనం ఆయన్ను చూసి వణుకుతుంటే, ఆయన మన కుక్కల్ని చూసి వణుకుతున్నాడు!

రాళ్లు బావిలో వేశామని చెప్పేసరికి నాకు ఏడుపు ఆగలేదు. "మా నీళ్లు మేమే పారేసుకుంటిమి సామీ" అన్నాను. ఆయన తల పట్టుకుని, "మీ మొలకలు తొక్కింది నేనే కదమ్మా" అని, బండి దొడ్డిలోనే ఉంచి, గట్ల వెంబడి నడిచి మళ్లీ గుర్తులు పెడతానని మాటిచ్చాడు. ఎర్రిస్వామి మామ రాత్రి అన్నం తిన్నాడు.

తీర్మానం గట్టిగా ఉంది, ఎవరు రాశారని అడిగాడు. భయపడకు, నీ పేరు చెప్పలేదు. "సమితి ఆఫీసులో గుమాస్తా, మా తమ్ముడు" అన్నాను, అంతే.

నీ అక్క,
తిరుపాలమ్మ

తా.క.: ఆ కుక్కలు ఎవరు కట్టినా తెంచుకుంటాయి. అందుకని కర్ర పట్టుకుని తన ముందర నడవడానికి నిన్నే అడిగి తెచ్చుకుంటానని ఆయన పొద్దున బస్సుకు మీ ఆఫీసుకే బయలుదేరాడు. గట్టి చెప్పులు వేసుకుని రా.