మేయర్ మడిచిన మూల

ప్రమోద్ తమ్మీ,

వాట్సాప్‌ల చెప్తే నవ్వుతవని రాసి, మన కంపెనీ బస్ డ్రైవర్ చేతికిస్తున్న. ఇది అందుడుతోనే ముసఫ్ఫా వర్క్‌షాప్‌కు పో. పాలిష్‌కు వచ్చిన అమెరికా మేయర్ కుర్చీ లేదా, దాని మెత్త కింద నా అర్జీ ఉంది. తీసి చింపెయ్.

కుర్చీతోని వచ్చిన కాయితం నువ్వే సదివినవు గదా. నూటయాభై ఏండ్ల కింద చెప్పులు కుట్టెటాయన ఓ చిన్న పట్నానికి ఐదుసార్లు మేయర్ అయిండని, ఎవ్వల అర్జీనీ కాదనలేదని, ఒప్పుకుంటే కాయితం మూల మడిచేటోడని, ఆఖరుకు ఆ కుర్చీలనే పాణం ఇడిసిండని. నవ్వులాటకు మనమూ అర్జీలు రాసి పెట్టినం. రాజలింగం మామ "నన్ను ఇంటికి పంపు" అని రాసిండు. తెల్లారేసరికి మూల మడిచి ఉంటే, నీ పనే అనుకున్న. మూడోనాడు మామ పనిల కూలిండు. శవపెట్టెల ఇంటికి పోయిండు.

నేనూ అదే మాట రాసిన తమ్మీ. నన్ను ఈ ఫుజైరా సైట్‌కు పంపిన తొందర్ల తీసుడు మరిశిన. మూల మడిచి ఉంటే మాత్రం నాకు చెప్పకు.

ఇప్పుడే ఇక్కడి ముదీర్, అదే మేనేజర్ సాబ్, పిలిచి, "ఖలాస్, నీ చుట్టీ మంజూర్, ఎల్లుండి ఇంటికి పోతవు" అన్నడు.

నేను ఆఫీసుల చుట్టీ అడగనే లేదు.

నీ అన్న