అరటి బోదె, సముద్రపు వైరస్

ప్రొద్దుటూరు

స్వర్ణకు జేజి ఆశీస్సులు. నా మోకాలు బాగుంది.

సముద్రంలో వైరస్సులు సూక్ష్మజీవుల్ని చంపుతాయని వసంతత్తతో అన్నావట. నాకు పూర్తిగా చెప్పిన సంగతి ఆమెకు సగమే చెప్పావు. ఆమె హడలిపోయి, కూతురు శిరీషను విశాఖలో నీ ల్యాబుకు చదువుకు పంపనంది. పులివెందుల వెళ్ళి, ఆమె అరటితోటలోనే అడిగాను.

"గెల కొట్టినాక బోదెను ఏం జేస్తావే?"

"నరికి ఆడ్నే ఏస్తాం పెద్దమ్మా. పిలకలకు ఎరువైతాది."

"సముద్రంలో ఆ నరికే పని వైరస్సుది. పగిలిన జీవిలోని సారంతో కంటికి ఆనని నాచు పెరుగుతాది. ఆ నాచు తిని పురుగులు, పురుగుల్ని తిని చేపలు బతుకుతాయి."

"నా బిడ్డకు అంటుకుంటే?"

"అది సూక్ష్మజీవులకొచ్చే జబ్బు. నీ బిడ్డ అంత చిన్నదేం కాదులే."

నవ్వి ఒప్పుకుంది. శిరీష సోమవారం బయల్దేరుతోంది. అత్త ఆ వైరస్సును ఒకసారి చూడాలంటోంది. ఫోటో ప్రింటు తీయించి పంపు. వాటిలో సాలీడులా కాళ్ళున్నవీ ఉంటాయన్నావుగా, అది మాత్రం వద్దు, మళ్ళీ హడలిపోతుంది.