గీజరు పక్కన దాచిన మూట

ఏమోయ్, గీజరు పక్క అటక మీదున్న మూట కదపకు. పామ్ గింజలకు మొలకలొచ్చాయి, తగిలితే విరుగుతాయి. మూటలోని కొబ్బరి పొట్టు ఆరకుండా కాస్త నీళ్ళు చిలకరించు. నేను నర్సరీ సంచులు తేవడానికి వెళ్తున్నాను.

మనమెంత గింజుకున్నా ఈ గింజలు మొలవవు, పారేయమని నానబెట్టిన నాలుగో నెలలోనే అన్నాను. పారేశానని చెప్పి వెచ్చగా దాచావన్నమాట. పొద్దున స్నానానికి వెళ్ళి మూట విప్పాను. తువ్వాలు కట్టుకునే ఆరు వందల దాకా లెక్కపెట్టేసరికి, ఇంకా సగం మూట మిగిలుండగానే నాకు తుమ్ములు మొలకెత్తాయి.

నాకెందుకు చెప్పలేదని కాసేపు అలిగాను. మళ్ళీ మొలవకపోతే రెండోసారి దిగులుపడతానని దాచావు కదూ?

ఇంకో మాట. ఈ చీటీ తిప్పి చూడు. హోటలు వాళ్ళు తమ తోటకు అడిగిన వెయ్యి పామ్ మొక్కలు ఇవ్వలేమని నిన్న రాసిన ఉత్తరమది. పంపకుండా ఆపిన నా బద్ధకానికి కూడా ఓ దండం పెట్టు.