కంచె పక్కన తవ్విన దుంప

మామయ్యా,

ప్రసీదకు పాలు పడటం లేదంటే శతావరి ఇమ్మన్నారు కదా. అందుకోసం ఒట్టపాలంలోని మీ వైద్యశాల దాకా ఎందుకులే అని, అదే తీగ అనుకుని మా కంచె పక్కన నేనే దుంప తవ్వి, కాచి ఇచ్చాను.

“చేదుగా ఉంది వదినా, నాలుక మొద్దుబారుతోంది” అంది.

“మందు మందులాగే ఉంటుంది. కళ్ళు మూసుకుని మింగు” అని కసిరాను.

పొద్దున్నుంచి ఒకటే వాంతులు. ఆసుపత్రిలో డాక్టరు అడిగితే, భయంతో మీరిచ్చిన మందేనని అబద్ధం చెప్పాను. మీ మీదికి నెట్టాను. ప్రసీద బిడ్డ నా ఒడిలో ఆకలికి ఏడుస్తున్నాడు.

శతావరికి తెల్లపూలు. నేను తవ్విన తీగకు ఎర్రపూలని ఇప్పుడు గుర్తొస్తోంది. మిగిలిన దుంప మీ వైపు వచ్చే జీపు మనిషి చేత పంపుతున్నాను, అదేమిటో రాసి పంపండి. మీ జవాబు కోసం మాత్రం ఆగను. ఇప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్ళి నిజం చెప్పేస్తాను.

మీ మేనకోడలు