పలకకు రెండో వైపు

బాన్సువాడ, 1941. గురువారం రాత్రి.

ఈ వారమంతా పిల్లలకు అక్షరాలతో పాటు దొంగబుద్ధి కూడా నేర్పాను. పలకకు ఒక వైపు ఉర్దూ, రెండో వైపు తెలుగు. మా పెద్ద పంతులు సదర్ సాబు చెప్పుల చప్పుడు వినపడగానే ఉర్దూ వైపు పైకి తిప్పాలి. బడిలో తెలుగు చెప్పకూడదని ఆయన హుకుం. మంగళవారానికల్లా పలకలన్నీ ఒకేసారి తిరగసాగాయి. నేను మురిసిపోయాను కూడా, సిగ్గు లేకుండా.

ఈరోజు ఆయన రాగానే అన్నీ తిరిగాయి, తండా నుంచి వచ్చే సోమ్లీది తప్ప. ఆ పిల్ల ఇంట్లో మాట్లాడేది తెలుగూ కాదు, ఉర్దూ కాదు. అయినా వాళ్ల నాయన పేరు తెలుగులో రాసుకుని కూర్చుంది.

"తిప్పు పిల్లా," అన్నాను.

"ఎందుకు పంతులూ? నేనేం తప్పు రాసిన? సూడు, సక్కగనే ఉంది గదా!"

సదర్ సాబు మొహం మాడింది. "గిదేంది పంతులూ? పైవాళ్లకు తెలిస్తే నా నౌకరి పోతది, నీదీ పోతది. తుడిపియ్యి."

తడిగుడ్డ నా చేతిలోనే ఉంది. "తప్పుంటే తుడిపిస్తా సాబ్. తప్పు లేదు," అన్నాను. ఆయన చెప్పులు టపటపలాడిస్తూ వెళ్లిపోయాడు.

నౌకరి ఫికర్ లేదని రాస్తే అబద్ధం. ఇంట్లో ఇంకా చెప్పలేదు. కానీ పిల్లలకు ఆ భయం అంటించింది నేనే కదా... సోమ్లీకొక్కదానికే అంటలేదు.

రేపు శుక్రవారం, బడి లేదు. శనివారం పలకకు రెండు వైపులా తెలుగే రాయిస్తాను. ఆయన ఎటు తిప్పి చూసుకుంటాడో చూసుకోనీ.