సరదాకి నడిచిన నడక

అన్నయ్యకు,

మొన్న మీ పెళ్లిరోజున, మాట్లాడకుండా నటిస్తే మనిషెవరో చెప్పే ఆట పెట్టావు. నీ వంతు రాగానే కుడికాలు ఈడుస్తూ హాలంతా నడిచావు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. "మా నాన్న!" అని ముందుగా అరిచింది నా కూతురే. దానికి రంగుపెన్సిళ్లు బహుమతిచ్చావు. నేనూ చప్పట్లు కొట్టాను, ఇంకేం చెయ్యను?

"సరదాకి చేశాన్రా, మనసులో పెట్టుకోకు" అని ఫోన్లో అన్నావు. నా సంగతి వదిలెయ్. నా నడక చూసి నవ్వాలని ఏడేళ్ల పిల్లకి ఆ రోజుదాకా తెలియదు.

నిన్న బడి వీధి మలుపులోనే చెయ్యి విడిపించుకుంది.

"నువ్విక్కడే ఆగు నాన్నా, నేను వెళ్తాలే."

పిల్లలందరూ గేటు దాటేదాకా కదలకుండా నిలబడి, అప్పుడు ఇంటికి నడిచాను.

ఆదివారం మేం రావడం లేదు.

నీ తమ్ముడు