ముఖచిత్రం మీద సుద్దగీతలు

తమ్ముడూ, అందరం కులాసా. నాన్న నీ మీద అలిగారు గానీ భోజనం మానలేదు, కంగారుపడకు.

నిన్న ఉదయం నేను ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి నాన్న కుట్టుమిషను మీద బట్టకు బదులు, నీ నవలకి చిన్నక్క వేసిన ముఖచిత్రం పరిచి ఉంది. బొమ్మలో చిన్నప్పటి నువ్వు, జారిపోయే నిక్కరును రెండు చేతులా పట్టుకుని బడికి పరిగెడుతున్నావు. నాన్న సుద్దముక్కతో దాని నడుము దగ్గరా కాళ్ల దగ్గరా దిద్దుబాటు గీతలు గీసేశారు.

“నాన్నా, అది బట్ట కాదు, బొమ్మ!” అని చిన్నక్క లబోదిబోమంది.

“ఎదిగే పిల్లాడని వదులుగా కుట్టానే. కుట్టడం రాక కాదని చదివేవాళ్లకి ఎవరు చెప్తారే?” అన్నారు.

నీ దగ్గు తగ్గిందా? చలికి చెవులు కప్పుకో. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

సాయంత్రం అందరం కూర్చుని తేల్చాం. బొమ్మ సుద్దగీతలతోనే అచ్చుకి వెళ్తుంది. గీతలుంటేనే ఇంకా నవ్వొస్తోందని చిన్నక్కే అంది. నాన్న ఒక షరతు మీద ఒప్పుకున్నారు: నీ నడుము కొలత వెంటనే రాసి పంపాలి. పుస్తకం వచ్చేనాటికి నీకు పాంటు కుడతారట. ఇక నువ్వు ఎదిగేదేమీ లేదు కనుక, ఈసారి సరిగ్గా కొలతకేనట.

నీ పెద్దక్క